ఢీకొనకుండా ఆపే వెలుగు

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో మా బాపు, అంటే మా నాన్న, పనిచేసేవాడు. అటెండరుగా చేరాడు. సీసాలు కడగడం, గానుగల దగ్గర నుంచి చెరుకు రసం పట్టుకురావడం మొదట్లో ఆయన పని. చూసి చూసి నేర్చుకుని, నాకు బుద్ధి తెలిసేనాటికి రసంలో చక్కెర ఎంత ఉందో కొలిచే బల్ల దగ్గరికి చేరుకున్నాడు. పదో తరగతి తప్పిన మనిషి. కానీ ఆ బల్ల ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఫ్యాక్టరీలో తనను మించినవాళ్లు లేనట్టు కూర్చునేవాడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం అవ్వ, అంటే మా అమ్మ, సద్దిగిన్నె ఇచ్చి పంపితే ల్యాబుకు వెళ్లాను. బాపు నన్ను స్టూలు మీద నిలబెట్టి, పొడవాటి ఇత్తడి గొట్టం చివర కన్ను ఆనించమన్నాడు. లోపల పసుపుపచ్చని గుండ్రం కనబడింది. నడుమ నిలువు గీత. ఒక సగం వెలుగు, ఒక సగం చీకటి.

"మర తిప్పు బిడ్డా. రెండు సగాలు ఒక్కతీరుగ అయ్యేదాక తిప్పు."

"అయినయి బాపు."

"గంతే. గిప్పుడు గా పక్కకున్న నంబరు సూడు. గదే చక్కెర."

"ఎట్ల?"

"రసంల నుంచి పోతే వెలుగు పక్కకు తిరుగుతది. చక్కెర ఎంతుంటే గంత తిరుగుతది. ఎందుకు తిరుగుతదో నాకెరుక లేదు. నువ్వు సదువుకొని నాకు చెప్పు."

నేను ఫిజిక్స్ చదవడానికి ఇంతకుమించి పెద్ద కారణమేమీ లేదు. రోజూ బోధన్ నుంచి బస్సులో నిజామాబాద్‌కు వెళ్లి డిగ్రీ చదివాను. ఎమ్మెస్సీ హైదరాబాద్‌లో. వెలుగు ఎందుకు తిరుగుతుందో అక్కడ నేర్చుకుని, సెలవుల్లో వచ్చి కాగితం మీద బొమ్మ వేసి బాపుకు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "నువ్వు చెప్పేది మంచిగనే ఉన్నది గని, నాకైతే నంబరే కనబడ్తది" అన్నాడు. ఆ తర్వాత పరిశోధనకు సీటు వచ్చింది. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం చేస్తే గాని చేరలేని ఊరు. మా వాడలో ఆడపిల్లను అంత దూరం చదువుకు పంపినవాళ్లు లేరు. "గా పోరి ఏం జేస్తది గాడ?" అని ఎవరైనా అడిగితే, "వెలుగు పని" అనేవాడు బాపు.

ఆ మాట తప్పేమీ కాదు. రుబీడియం అనే లోహపు ఆవిరిని గాలి లేని గాజుపెట్టెలోకి వదిలి, ఆరు దిక్కుల నుంచి లేజర్ కాంతి వేసేవాళ్లం. మామూలుగా తుపాకీ గుండులా పరుగెత్తే పరమాణువులు ఆ కాంతి తగిలి తగిలి నెమ్మదించి, పెట్టె నడుమ గుంపుగా నిలిచేవి. పరమాణువుకు పరుగు తగ్గడమంటే వేడి తగ్గడమే. ఆ గుంపులో ఉన్నంత చలి ఏ మంచుకొండ మీదా ఉండదు. కంటికి సరిగా ఆనదు. కెమెరా పెట్టి చిన్న టీవీలో చూస్తే నల్లటి తెర మీద తెల్లచుక్క.

చిక్కేమిటంటే ఆ గుంపు నిలవదు. రెండు పరమాణువులు దగ్గరికి వచ్చాయా, వాటిని పట్టి ఉంచిన కాంతే ఒకదానివైపు ఒకదాన్ని లాగి ఢీకొట్టిస్తుంది. ఆ విసురుకు రెండూ బయటికి ఎగిరిపోతాయి. చూస్తుండగానే చుక్క మసకబారుతుంది. దీనికి విరుగుడు కూడా కాంతిలోనే ఉందని లెక్కలు చెప్పాయి. కొంచెం వేరే రంగు లేజరును సరిగ్గా కుదిర్చి వేస్తే, రెండు పరమాణువులు ఇంకా దూరంగా ఉండగానే వాటి మధ్య నెట్టివేత పుడుతుంది. తగలకుండానే వెనక్కి మళ్లుతాయి. వేరే దేశాల్లో కొందరు దీని జాడ చూశారు. ఇంకా చల్లటి గుంపులో, ఇంకా స్పష్టంగా చూడాలని మా గైడు సార్ పట్టుదల. నా థీసిస్ అదే.

ఒక వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు ఇదంతా బాపుకు చెప్పాను.

"ఒకటికొకటి తగులకుంట చేస్తవా? వెలుగుతోనేనా?"

"ఔ బాపు. తగిలితే రెండూ పోతయి. తగులకపోతే ఉంటయి."

"మంచి పనే," అన్నాడు. "చెడగొట్టే పని కాదు."

నాలుగేళ్లు ఏమీ కాలేదు. కరెంటు పోయేది. పంపు ఆగి పెట్టెలోకి గాలి చేరేది. పెట్టెను వారాల తరబడి వేడిచేసి మళ్లీ ఖాళీ చేసేవాళ్లం. కుదిర్చి పెట్టిన లేజరు రంగు, పక్కగదిలో ఎవరో తలుపు గట్టిగా వేస్తే తప్పేది. నాతోపాటు చేరినవాళ్లు థీసిస్‌లు రాసి వెళ్లిపోయారు. సార్ ఎప్పుడూ కోప్పడలేదు. "ఏమన్నా కనిపించిందా?" అని మాత్రం అడిగేవాడు. రోజూ అదే ప్రశ్న, రోజూ అదే జవాబు.

ఐదో ఏడు దసరా దాటిన వారం అది కనిపించింది. మధ్యాహ్నం అన్నం వేళ. ఆ వేరే రంగు రెండో లేజరు వేసి చూస్తే చుక్క మసకబారడం నెమ్మదించింది. ఆపితే మళ్లీ తొందరగా మసకబారింది. వేశాను, ఆపాను, వేశాను, ఆపాను. ప్రతిసారీ అంతే. సార్ అన్నం తిని వచ్చి, నా వెనుక నిలబడి చాలాసేపు చూశాడు. మళ్లీ చెయ్యమన్నాడు. చేశాను. "ఐదేళ్లు," అన్నాడు, అంతే.

ఒక లోపం మా ఇద్దరికీ తెలుసు. గుంపు సైజు కొలిచే మంచి కెమెరా పాడై మరమ్మతుకు పోయింది. ఉన్నది దుకాణాల్లో కాపలాకు పెట్టే రకం. అందులో చుక్కంతా ఒకటే తెలుపు, అంచు ఎక్కడో తెలియదు. గుంపు సైజు మారలేదనుకుని లెక్కలు కట్టాం. మంచి కెమెరా వచ్చాక ఒకసారి సరిచూసుకుంటే సరిపోతుందని అనుకున్నాం.

ఆ ఆదివారమే, ఎప్పటిలాగా పొద్దున పది గంటలకు, బోధన్‌లో ఇంటి పక్క ఎస్టీడీ బూతుకు ఫోన్ చేశాను. బాపు అప్పటికే వచ్చి కూర్చున్నాడు.

"కంటి డాక్టరు లేజర్ కొట్టియ్యమన్నడు బిడ్డా. హైదరాబాద్ పోవాల్నట."

"ఎందుకు బాపు?"

"షుగర్ కండ్లకు వచ్చిందట. ఇన్నేండ్లు చక్కెర నేను కొలిచిన, గిప్పుడు నా నెత్తుర్ల వాళ్లు కొలుస్తున్రు." తన మాటకు తనే నవ్వాడు.

"కనబడ్తలేదా?"

"కనబడ్తది. జర మసక. గంతే. నువ్వు వచ్చినంక పోతం. లేజర్ సంగతి నీకెరుక గద. నువ్వుంటే నాకు ధైర్యం."

"ఈ నెలాఖరుకు వస్త బాపు. ఇక్కడ పని మంచిగ నడుస్తుంది. కనబడ్డది!"

"కనబడ్డదా?" ఆయన గొంతు పెరిగింది. బూతులో ఉన్నవాళ్లతో అనడం వినబడింది: "మా బిడ్డకు కనబడ్డదట!"

నెలాఖరుకు నేను వెళ్లలేదు. లేజరు నిలకడగా ఉంది. ఉన్నప్పుడే అన్ని కొలతలూ తీసుకోవాలి, ఒకసారి తప్పిందంటే మళ్లీ ఎన్నాళ్లకు కుదురుతుందో. తర్వాతి నెల డిపార్ట్‌మెంటులో సెమినార్ పెట్టారు. అందరి ముందు నేనే చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత సైన్సు పత్రికకు పేపర్ రాయడం. ప్రతి ఆదివారం బాపు "తొందర లేదు బిడ్డా, నీ పని సూసుకో" అన్నాడు. నాకు కావలసింది ఆ మాటే కాబట్టి దాన్నే విన్నాను. మూడో నెలలో ఒకసారి, "కండ్ల ముంగట నల్లటి దారాలు తేలుతున్నయి. ఊదినా పోతలేవు" అన్నాడు తమాషాగా. అవ్వ ఫోన్ గుంజుకుని, "నువ్వు జర జల్ది రా బిడ్డా. నువ్వు లేనిది ఈయన కదలడు" అంది.

రైలు టికెట్ దొరకడం లేదని చెప్పాను. నేను స్టేషన్‌కు వెళ్లనే లేదు. పేపర్ పంపేదాకా ఆగాలనుకున్నాను. ఇంకో మూడు వారాలు పట్టింది.

పేపర్ పంపించి, మరునాడు రైలెక్కాను. బోధన్‌లో బస్సు దిగేసరికి బాపు, అవ్వ బస్టాండులోనే ఉన్నారు. ఆయన నా వైపు చూసి నవ్వాడు కాని, నవ్వు నాకు మూరెడు పక్కగా పోయింది. అప్పుడే తెలిసిపోయింది నాకు.

హైదరాబాద్ ఆసుపత్రిలో పొద్దుటి నుంచి వరసలో కూర్చున్నాం. బాపు కళ్లలో మందు వేసి మూసుకోమన్నారు. ఆయన అట్లా కూర్చుని ఉండగా అవ్వ నన్ను పక్కకు తీసుకుపోయి చెప్పింది.

"ఆర్నెల్ల సంది గా గొట్టంల రెండు సగాలు ఒక్కతీరుగనే కనబడ్తున్నయట. ఎంత తిప్పినా ఒక్కతీరే. పక్కకున్నాయన నంబరు సూసి చెప్తే ఈయన రాసిండు. నీకు చెప్పద్దని ఒట్టు పెట్టిండు. సదువు కరాబైతదని."

డాక్టరమ్మ నడివయసు మనిషి. అప్పటికి ఎంతమందిని చూసిందో, మొహం అలసిపోయి ఉంది. కుడికంట్లో నెత్తురు నిండిపోయిందని, లోపల చూపునిచ్చే పొర ఊడి లేచిందని, ఆ కంటికి చేసేదేమీ లేదని చెప్పింది. ఎడమకంట్లో కొంత మిగిలి ఉంది, లేజరుతో ఆ మిగిలినదాన్ని కాపాడే ప్రయత్నం చేస్తామంది.

"పోయింది తిరిగి రాదా?" అన్నాను.

"లేజర్ ఉన్నదాన్ని నిలబెడుతుందమ్మా, పోయినదాన్ని తేదు." కాగితాలు తిరగేసింది. "నాలుగు నెలల కింద రాసిచ్చారే. అప్పుడే ఎందుకు రాలేదు?"

నేను నోరు విప్పేలోగా బాపు అందుకున్నాడు. "మా బిడ్డ కూడ లేజర్ పనే చేస్తది మేడం. పరమాణువులు ఒకదానికొకటి తగులకుంట ఆపుతది. కనబడ్డది గూడ. పేపర్ రాసి పంపింది." ఆమె నా వైపు ఒకసారి చూసింది. "మంచిది" అని, గడ్డం ఆనించమని బాపుకు చెప్పింది.

నేను తలుపు దగ్గర నిలబడ్డాను. పచ్చటి మెరుపు, టక్కుమని చప్పుడు. మళ్లీ మెరుపు. ఒక్కో మెరుపుకు బాపు వేలు తొడ మీద కదిలింది. ఆ యంత్రం లోపల ఏం జరుగుతుందో ఆ గదిలో నాకు తెలిసినంత వివరంగా బహుశా ఎవరికీ తెలియదు. అది నాకు ఎందుకూ పనికిరాలేదు.

ఎడమకన్ను ఏడాదిలో నెమ్మదిగా పోయింది. ఈ లోపల ఇంకోటి జరిగింది.

హైదరాబాద్ నుంచి తిరిగి వెళ్లిన నెలకు మరమ్మతు చేసిన కెమెరా వచ్చింది. బిగించి, రెండో లేజరు వేసి, గుంపును ఫొటో తీశాను. ఆపి ఇంకోటి తీశాను. రెండూ పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలిచాను. రెండో లేజరు వేసినప్పుడు గుంపు పెద్దదైంది. ఆ కాంతి పరమాణువులను కొంచెం వేడెక్కించి గుంపును ఉబ్బిస్తోంది. ఉబ్బితే పలచబడుతుంది. పలచబడితే ఢీకొనడాలు వాటంతట అవే తగ్గుతాయి. సంత రోజు గంజ్‌లో జనం భుజాలు రాసుకుంటారు, మరునాడు పలచగా ఉంటే రాసుకోరు. ఎవరో అడ్డం నిలబడి ఆపారని కాదు.

ఆ ఉబ్బును లెక్కలోకి తీసుకుని మొత్తం మళ్లీ కట్టాను. మూడు రోజులు పట్టింది. చివరికి మిగిలింది ఏమీ లేదు. రెండో లేజరు వేసినా వెయ్యకపోయినా ఢీకొనడం ఒక్కటే.

కాగితాలు తీసుకుపోయి సార్ బల్ల మీద పెట్టాను. ఆయన పెన్సిలు పట్టుకుని ప్రతి వరసా చూశాడు. ఒకచోట ఆగి, నేను తప్పు చేశానేమోనని ఆశగా మళ్లీ కట్టి చూశాడు. తప్పు లేదు. "పేపర్ వెనక్కి తీసుకుంటానని రాస్తాను," అన్నాడు. పెన్సిలు పక్కన పెట్టి, "ఆ రోజు కెమెరా వచ్చేదాకా ఆగుదామని నేను అనాల్సింది" అన్నాడు. మంచి మనిషి. ఆయన్ని తిట్టుకోవడానికి కూడా నాకు వీలు దొరకలేదు.

ఫెలోషిప్ గడువు ఆ వేసవితో అయిపోయింది. నేను తిరిగి వచ్చేశాను. బాపు అప్పటికే ఉద్యోగం వదులుకున్నాడు. ఫ్యాక్టరీ క్వార్టర్ ఖాళీ చేసి నిజామాబాద్‌లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎంసెట్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే పని దొరికింది. అవ్వ ఆ వాడ ఆడవాళ్లతో కలిసి బీడీలు చుట్టడం మొదలుపెట్టింది.

పరిశోధన ఏమైందో బాపుకు చాలా రోజులు చెప్పలేదు. సెలవులని ఒకసారి, పేపర్ ఇంకా రాలేదని ఒకసారి దాటేశాను. ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి, కిరాయి వసూలుకు వచ్చిన ఇంటి యజమానికి బాపు చెబుతున్నాడు: "మా బిడ్డ వెలుగుతోని పరమాణువులను ఆపింది." ఆయన వెళ్లిపోయాక ఇక నావల్ల కాలేదు.

"బాపూ, నేను చూసింది నిజం కాదు."

"ఎవరన్నరు?"

"నేనే అన్న. కెమెరా వచ్చినంక చూసిన. వెలుగు వాటిని ఆపలే. గుంపు ఉబ్బింది, గంతే. నాకు ఆపినట్టు కనబడ్డది."

బాపు నా వైపు మొహం పెట్టి విన్నాడు. చూపు లేని మనుషులు చెవి మనవైపు తిప్పి వింటారు. ఆయనకు ఇంకా ఆ అలవాటు రాలేదు, మొహమే తిప్పేవాడు.

"మరి గప్పుడు నువ్వు రాకపోయింది గీ పనికే గద?"

"ఔ బాపు."

గోడ అవతల ఎవరో రేడియో పెట్టారు. అవ్వ చాటలో ఆకు కత్తిరించడం ఆపింది. బాపు "నీళ్లియ్యి బిడ్డా" అన్నాడు. తెచ్చి చేతికి అందించాను. తాగి గ్లాసు తిరిగి ఇచ్చాడు. ఆయన నన్ను ఒక్క మాట అని ఉంటే బాగుండేది. ఆ రోజు అనలేదు, ఆ తర్వాత కూడా అనలేదు. ల్యాబు మాట, వెలుగు మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు.

ఊరికే కూర్చోలేక అవ్వను పని అడిగేవాడు. ఆమె బీడీలు లెక్కపెట్టి దారంతో కట్ట కట్టడం నేర్పింది. వేళ్లతో తడిమి ఇరవై అయిదు లెక్కపెట్టడం బాగానే వచ్చింది కాని, కట్టు నిలిచేది కాదు. బిగిస్తే బీడీలు విరిగేవి, వదిలేస్తే జారేవి. ఆయన కట్టినవన్నీ అవ్వ పక్కకు జరిగి, చప్పుడు కాకుండా విప్పి, మళ్లీ కట్టేది. కొన్ని నెలలు ఇట్లా నడిచింది. ఒకరోజు ఆయన అన్నాడు: "నువ్వు విప్పుతున్నవని నాకెరుకనే. రేపటి సంది నాకియ్యకు." అవ్వ దారపుండ తన వైపు లాక్కుంది. మరునాటి నుంచి ఆయన గోడకు ఆనుకుని కూర్చోవడమే.

తర్వాత మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. షుగర్‌కు అదొక వరస ఉంటుంది, డాక్టర్లు ముందే చెబుతారు. ఒక వానాకాలం ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉండి బాపు పోయాడు. చివరి రోజుల్లో మనుషులను గుర్తుపట్టలేదు. అవ్వను ల్యాబులో పక్క బల్ల ఆయన అనుకుని, "నంబరెంత?" అని అడిగేవాడు. మొదట్లో అవ్వ ఏడ్చేది. తర్వాత ఏదో ఒక నంబరు చెప్పేది. ఆయన తల ఊపేవాడు.

సార్ నాకు రెండు ఉత్తరాలు రాశాడు. లేదని చూపించడం కూడా ఫలితమేనని, ఉన్నదున్నట్టు థీసిస్ రాసి పంపమని, తను చూసుకుంటానని. నిజమే, రాయవచ్చు. కొలతల పుస్తకాలన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఒక సెలవుల్లో తీసి ముందేసుకున్నాను. దసరా దాటిన వారం పేజీ తెరిస్తే, ఆదివారం తారీఖు కింద, పొద్దున పది గంటల దగ్గర ఖాళీ ఉంది. ఫోన్‌కు వెళ్లిన అరగంట. పదిన్నర నుంచి మళ్లీ అంకెలు. అన్నీ నా చేతిరాతే, గుండ్రంగా, తొందర లేకుండా. పుస్తకం మూసేశాను. జవాబు రాయలేదు. మూడో ఉత్తరం రాలేదు.

కొన్నేళ్లకు బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్‌లో పిల్లల ర్యాంకులు చూడటానికి వెళ్లి, ఎందుకో నా థీసిస్ పేరులోని నాలుగు మాటలు కొట్టి చూశాను. చల్లటి పరమాణువులు ఢీకొనే తీరును లేజర్ కాంతితో మార్చినవాళ్లున్నారు. మా దారి కాదు, వేరే దారి. వాళ్ల బొమ్మలు, గీతలు చూశాను. చక్కగా చేశారు. గుంపు సైజు ఎట్లా కొలిచారో ముందే రాశారు. సంతోషమో దుఃఖమో వస్తుందని కూర్చున్నాను. నా కుర్చీ కోసం ఒకాయన నిలబడి ఎదురుచూస్తున్నాడు. లేచి ర్యాంకులు రాసుకున్న కాగితం తీసుకుని వచ్చేశాను.

ఇప్పటికీ అదే కాలేజీలో చెబుతున్నాను. కాంతి పాఠం వచ్చినప్పుడు పుస్తకంలో ఉన్నంత చెబుతాను. లేజరుతో ఏమేమి చేయవచ్చని పిల్లలు అడుగుతారు. పరీక్షకు ఎంత అవసరమో అంతే రాయిస్తాను.